మట్టి ఈసీ, మందు ఈసీ, పొలం ఈసీ

ప్రశ్న: బెంగళూరా మామిడి తోట మట్టి, బోరు నీళ్లు తిరుపతిలో పరీక్ష చేయించాను. మట్టి ఈసీ 1.8, నీటి ఈసీ 1900 అని వచ్చింది. 4 దాటితేనే చౌడు అంటారు కదా, మట్టి బాగున్నట్టేనా? తేనెమంచు పురుగుకు తెచ్చిన మందు సీసా మీద కూడా 5 ఈసీ అని ఉంది. బ్యాంకువాళ్లేమో పొలం ఈసీ తెమ్మన్నారు. ఇవన్నీ ఒకటేనా?
– మామిడి రైతు, బంగారుపాళెం

జవాబు: అక్షరాలే ఒకటి. మూడింటికీ సంబంధం లేదు.

మట్టి, నీటి రిపోర్టుల్లో ఈసీ అంటే విద్యుత్ వాహకత. కరిగిన లవణాలు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. ముందు పక్కనున్న యూనిట్ చూడండి. మట్టిది మీటరుకు డెసీసైమన్లలో, నీటిది సెంటీమీటరుకు మైక్రోసైమన్లలో ఇచ్చి ఉంటారు. ఆ లెక్కన 1000 మైక్రో అంటే 1 డెసీ కాబట్టి మీ నీళ్లు 1.9. అవి ఉప్పు ఎక్కువున్న నీళ్లే.

ఇక ఆ 4 సంగతి. అది మట్టిని నీటితో ముద్దగా తడిపి, అందులోంచి లాగిన ద్రావణానికి పెట్టిన హద్దు. మన ల్యాబుల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు. ఉప్పు పలచబడి అంకె తగ్గుతుంది. ఈ పద్ధతిలో 1 లోపుంటేనే నిశ్చింత. మీ 1.8 కూడా ఇలా కొలిచిందే అయితే మామిడికి మంచిది కాదు. ఆకు కొనలు మాడుతున్నాయేమో చూడండి. ఏ పద్ధతో ల్యాబులో అడగండి. ఈసీ ఎక్కువనగానే జిప్సం తోలించకండి. జిప్సం కారుచౌడుకు, అంటే సోడియం పేరుకుని పీహెచ్ 8.5 దాటిన నేలకు. పాలచౌడుకు, అంటే ఉప్పు పేరుకున్న నేలకు కావలసింది మంచి నీళ్లు, మురుగు పోయే దారి. పాదులకు గట్లు వేసి, వాననీళ్లు నిలిచి లోపలికి ఇంకేలా చేయండి. పొటాష్ అవసరమైతే మ్యూరేట్ బదులు సల్ఫేట్ రూపంలో వేయండి.

సీసా మీది ఈసీ మందు తయారీ రకం. ద్రావకంలో కరిగించిన మందుకు ఎమల్సిఫయర్ (నూనెను నీళ్లలో కలిపి ఉంచే పదార్థం) చేర్చారని, నీళ్లలో పోస్తే పాలలా తెల్లగా కలిసిపోతుందని అర్థం. 5 అంటే అసలు మందు 5 శాతం. అంకె, అక్షరాలు మారితే మోతాదూ మారుతుంది.

నీటి ఈసీ, మందు ఈసీ కలిసే చోటు స్ప్రేయర్ ట్యాంకు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలంలో ఆ పాలు విడిపోవచ్చు. ఈసీ అంకె ఒక్కటే చూసి కాఠిన్యం చెప్పలేం, అందుకే గాజు సీసాలో లీటరు బోరు నీళ్లు పోసి, లేబుల్ మీది మోతాదు కలిపి, కుదిపి అరగంట ఉంచండి. పైన మీగడో నూనె పొరో కడితే ఆ నీళ్లు వాడకండి. వాడితే ట్యాంకులో పైకి తేలిన మందంతా చివర్లో వస్తుంది: మొదటి చెట్లలో పురుగు చావదు, చివరి చెట్ల పూత మాడుతుంది.

బ్యాంకు అడిగేది ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. మీరు అడిగిన కాలంలో ఆ సర్వే నంబరు మీద రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నోటి ఒప్పందాలు కనిపించవు.

ప్రశ్న: వేప మందు 1500 పీపీఎం, మా ఇంటి నీళ్లూ 1500 పీపీఎం. నీళ్లు తాగవచ్చా?
– గృహిణి, తిరుపతి

జవాబు: పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని వంతులని. వేప మందులో అది అజాడిరాక్టిన్ (వేపలో పురుగును అదుపు చేసే పదార్థం) 0.15 శాతం. నీళ్లలోది లీటరుకు 1500 మిల్లీగ్రాముల లవణాలు. తాగునీటికి 500 లోపు మేలు. వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా అనుమతి ఉంది. ఫ్లోరైడ్, నైట్రేట్ సంగతి ఈ అంకె చెప్పదు, వాటిని విడిగా పరీక్ష చేయించండి.