మేయర్ పదవి ఆశిస్తున్న కార్పొరేటర్ మున్సిపల్ బండ్లు, మనుషులను వాడుకోవచ్చా?

మహబూబ్‌నగర్‌లో మేయర్ కుర్చీ ఆశిస్తున్న వార్డు ప్రతినిధి మున్సిపల్ ట్యాంకర్‌ను, పారిశుద్ధ్య కార్మికులను ప్రచారానికి తిప్పొచ్చా, ఎవరికి చెప్పాలి అని అడిగారు. తిప్పకూడదు.

మన దగ్గర మేయర్‌కు ఓటర్లు నేరుగా ఓటెయ్యరు. గెలిచిన కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు (పదవి రీత్యా సభ్యులయ్యే ఎమ్మెల్యే, ఎంపీ లాంటివాళ్లు) చేతులెత్తి ఎన్నుకుంటారు. అంటే ఆయన ముందు తన వార్డు గెలవాలి. మీరు కన్నేసి ఉంచాల్సిందీ వార్డు మీదే.

రాష్ట్ర ఎన్నికల సంఘం షెడ్యూల్ ప్రకటించగానే ఎన్నికల ప్రవర్తనా నియమావళి, అంటే కోడ్ వస్తుంది. కొత్త మంజూర్లు, శంకుస్థాపనలు బంద్. నడుస్తున్న పని మాత్రం ఆగక్కర్లేదు. పంచాయితీ అంతా ఇక్కడే: కంకర పడి, కూలీలు దిగిన సీసీ రోడ్డు వేరు, కాగితాల మీద మంజూరై, ఒక్క తట్ట మట్టి కూడా ఎత్తని రోడ్డు వేరు. రెండోది మొదలుపెట్టకూడదు. అందుకే కోడ్ వచ్చిన రోజే ఆ జాగా ఫొటో తీసి పెట్టుకోండి.

ట్యాంకర్ నీళ్లు పోయడం తప్పు కాదు, అది ఆపించకండి. దానికి ఫ్లెక్సీ కట్టడం, అభ్యర్థి పక్కన నిలబడి పోయించడం తప్పు. తన ఓట్లున్న గల్లీకే రెండు ట్రిప్పులు పంపడం ఇంకా పెద్ద తప్పు, కానీ ఒక్క ఫొటోతో రుజువు కాదు. వరుసగా నాలుగైదు రోజులు బండి నంబరు, వచ్చిన టైము రాసుకోవాలి.

స్వయం సహాయక సంఘాల మీటింగు పేరుతో ఆర్పీలతో (ఆ సంఘాల పని చూసే రిసోర్స్ పర్సన్లతో) ఆడవాళ్లను పిలిపించి ఓట్లడగడం కూడా ఇదే కోవ. ఫిర్యాదు ఆర్పీ మీద, జవాన్ (పారిశుద్ధ్య కార్మికులతో పని చేయించే మనిషి) మీద రాయకండి. ఔట్‌సోర్సింగ్ మనిషి పని పోతుంది, పంపినోళ్లు క్షేమంగా ఉంటారు. ఎవరు పంపారో వాళ్ల మీద రాయండి.

ఫిర్యాదు రిటర్నింగ్ అధికారికి ఇవ్వాలి, నకళ్లు కలెక్టర్‌కు, ఎన్నికల పరిశీలకుడికి. ఒక కాగితంలో ఒకే సంఘటన ఉండాలి: తేదీ, టైము, వార్డు, బండి నంబరు, కళ్లతో చూసింది. పది ఆరోపణలు కలిపి రాస్తే ఏదీ విచారణకు నిలవదు. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన టైము, జాగా వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు ఫోన్‌లోంచి తీసేయకండి.

సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు గడువు 30 రోజులు, అప్పటికి పోలింగ్ అయిపోవచ్చు. అయినా పెట్టండి. ఆ తేదీల బండి లాగ్ బుక్, డీజిల్ ఇండెంట్ (డీజిల్ కోసం రాసిచ్చే చీటీ), ట్రిప్ షీట్ మూడూ అడగండి. మీరు రాసుకున్న టైములు ట్రిప్ షీట్‌లో లేకపోతే, ఆ డీజిల్ ఎటు పోయిందో వాళ్లు జవాబు చెప్పుకోవాలి.