కుట్లు పడకుండా ముందే ఏం చేయొచ్చు?

ప్రశ్న: తొలి కాన్పు, 33వ వారం. గుంటూరులో పుట్టింట్లో ఉన్నాను. మా వదినకు కాన్పులో యోని దగ్గర చిరిగి కుట్లు పడి నెలరోజులు సరిగా కూర్చోలేకపోయింది. ఆముదం తాగితే సులువవుతుందని అత్తయ్య అంటున్నారు, నిజమేనా?

– బ్రాడీపేట పాఠకురాలు

జవాబు: ఆముదం వద్దమ్మా, విరేచనాలై నీరసపడతారు తప్ప చిరగడం తగ్గదు. 34 వారాలు నిండాక యోనికీ మలద్వారానికీ మధ్య భాగానికి మసాజ్ మొదలుపెట్టండి. స్నానమయ్యాక గోళ్లు కత్తిరించిన శుభ్రమైన చేతులతో, కొబ్బరినూనె రాసుకుని, బొటనవేలు యోనిలోకి మూడు సెంటీమీటర్ల దాకా పోనిచ్చి మలద్వారం వైపు నొక్కి పట్టండి, కాస్త మంట, లాగినట్టు అనిపిస్తుంది, అది మామూలే, నొప్పి పెడితే ఆపేయండి. తర్వాత అటూ ఇటూ అర్ధచంద్రాకారంలో జరపండి. ఐదు నిమిషాలు, వారానికి రెండుమూడుసార్లు చాలు. పొట్ట అడ్డొస్తే భర్త సాయం చేయొచ్చు, సిగ్గుపడాల్సిందేం లేదు. తొలి కాన్పువాళ్లకే దీనివల్ల ఎక్కువ లాభం, అయినా గ్యారంటీ అని మాత్రం అనుకోకండి. మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోయినా, ఇన్ఫెక్షన్ ఉన్నా చేయకూడదు, ముందు డాక్టర్ని అడగండి.

కాన్పు గదిలో, ముక్కే దశలో అక్కడ వేడినీళ్ల గుడ్డ అద్దమని అడగండి, పెద్ద చిరుగులు తగ్గుతాయి. తల బయటికొచ్చేటప్పుడు ముక్కడం ఆపి, నర్సు చెప్పినట్టు చిన్నచిన్నగా ఊపిరి వదలండి.