మిద్దెతోట ప్రశ్నలు – జవాబులు: పుట్టగొడుగుల పెట్టెకు ఊపిరి కావాలి

ప్రశ్న: మేము బెంగళూరులో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాము. వంటింటి వెనుక యుటిలిటీలో ఐదడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ఇనుప ర్యాక్‌కు చుట్టూ మందపాటి పాలిథిన్ షీటు కప్పి, అంచులన్నీ టేపుతో మూసి, లోపల హ్యూమిడిఫయర్ (గాలికి తేమనిచ్చే యంత్రం) పెట్టి, గడ్డి నింపిన నాలుగు సంచుల్లో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాము. సంచులు చక్కగా తెల్లబడ్డాయి గానీ, పుట్టగొడుగులు మాత్రం జానెడు కాడలతో, చొక్కా గుండీలంత తలలతో వస్తున్నాయి. ఒక సంచిలో ఆకుపచ్చ మచ్చలు కనిపించాయి. పక్కనున్న వాషింగ్ మెషిన్ మీద తెల్లటి పొడి పేరుకుంటోంది. మా అత్తగారికి ఆస్తమా ఉంది. ఏం మార్చాలో చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు ఇబ్బందులు ఉన్నా, మొదట సరిచేయవలసింది గాలి విషయం. అంచులన్నీ టేపుతో మూశామని మీరు రాసిన మాట చదవగానే, ఏడేళ్ల కిందట నేను బొమ్మనహళ్లి అద్దె ఇంట్లో కట్టుకున్న మొదటి పెట్టె కళ్లముందు నిలిచింది. లోపలి తేమ చుక్క కూడా బయటికి పోకూడదన్న పట్టుదలతో నేనూ అంచులన్నీ అలాగే మూశాను. తెల్లవారి షీటు లోపలివైపు నీటి బొట్లు వరుసలు కట్టి కారుతుంటే మురిసిపోయాను. వారం తిరిగేసరికి ఆ బొట్లు పడ్డ చోటల్లా పుట్టగొడుగుల తలలు పసుపు రంగుకు తిరిగి జిగురు పట్టాయి. తడి ఆరని తలల మీద బాక్టీరియా పెరగడం వల్ల వచ్చే మచ్చలవి. ఇంటి పెట్టెలు కట్టే వాళ్లలో చాలామంది తేమ గురించి ఎంతో శ్రద్ధ తీసుకుని గాలి సంగతి మరచిపోతారు.

పుట్టగొడుగు మనలాగే ప్రాణవాయువును పీల్చుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. సంచిలో తెల్లని బూజు అల్లుకునే పదిహేను ఇరవై రోజుల దశలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉన్నా దానికి ఏమీ కాదు, కాబట్టే మీ సంచులు చక్కగా తెల్లబడ్డాయి. మొలకలు వచ్చిన తరువాత దాని అవసరం మారిపోతుంది. అడవిలో మాను పగులులో పుట్టిన మొలక, బయటి మంచి గాలి తగిలేవరకు కాడను సాగదీసుకుంటూ పోయి, గాలి తగిలిన తరువాతనే తలను విప్పుతుంది. మీ పెట్టెలో దానికి ఎటు సాగినా ఆ గాలి దొరకలేదు. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల భాగాలకు 420 భాగాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ముత్యపుచిప్ప రకానికి కాపు దశలో అది 800 దాటకుండా చూసుకోవడం మంచిది. దీన్ని కొలిచే పరికరం కొనవలసిన పని లేదు, ఎందుకంటే కాడ పొడవు, తల వెడల్పు చూస్తే ఆ లెక్క తెలిసిపోతుంది.

మీ పెట్టె లోపలి పరిమాణం ఇరవై రెండున్నర ఘనపుటడుగులు. కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల, 12 వోల్టుల చిన్న ఫ్యాన్ నిమిషానికి సుమారు నలభై ఘనపుటడుగుల గాలిని తోస్తుందని దాని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. సంచులు, కింద కట్టబోయే వల అడ్డు తగలడం వల్ల అందులో సగమే పనిచేస్తుందని అనుకున్నా, రెండు నిమిషాలలోపే లోపలి గాలి మొత్తం మారుతుంది. ఆ ఫ్యాన్‌ను పెట్టె పైభాగంలో, గాలిని బయటికి లాగేటట్టు బిగించి, చిన్న గొట్టంతో కిటికీ అవతలికి దారి చూపండి. షీటు కింది అంచుకు వేసిన టేపు తీసేసి, నేలకు రెండంగుళాల ఎత్తులో ఖాళీ వదిలి, ఆ ఖాళీకి దోమతెర కంటే సన్నని నైలాన్ వల కట్టండి. గడ్డి వాసనకు వచ్చే చిన్న నల్ల ఈగలు లోపలికి దూరి గుడ్లు పెడితే, వాటి పురుగులు సంచిలోని బూజును, మొలకలను తినేస్తాయి. టైమర్ పెట్టి ప్రతి పావుగంటకు రెండు నిమిషాలు ఫ్యాన్ తిరిగేటట్టు చేయండి. ఆ తరువాత వచ్చే మొలకల్లోనే తేడా మీకు కనిపిస్తుంది. ఇప్పటికే సాగిన కాడలు మాత్రం తిరిగి సరికావు; వాటిని కోసి కూరలో వేసుకోండి, రుచికి లోటేమీ ఉండదు.

గాలి ఇంతగా మారితే తేమ పడిపోదా అని మీరు అడుగుతారు. పడిపోతుంది, అందుకే హ్యూమిడిఫయర్ ఉంది. దాన్ని రోజంతా నడపకుండా, తేమ 85 శాతానికి తగ్గినప్పుడు వెలిగి 92 దగ్గర ఆగేటట్టు చిన్న కంట్రోలర్ పెట్టుకోండి. యంత్రాన్ని పెట్టె బయట ఉంచి, పొగమంచును గొట్టం ద్వారా పై అరలోకి పంపండి, ఆ గొట్టం ఏ సంచికీ ఎదురుగా ఉండకూడదు. తలల మీద పడ్డ తడి రెండు మూడు గంటల్లో ఆరిపోతుంటే మీ గాలి, తేమ రెండూ కుదిరినట్టే. జూన్ నుంచి అక్టోబరు వరకు మన ఊరి గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి, చాలా రోజులు ఒక తడి గోనె సంచిని కింది అరలో వేలాడదీస్తే సరిపోతుంది. ఫిబ్రవరి నుంచి వర్షాలు పడేవరకు మధ్యాహ్నపు గాలి బాగా పొడిబారుతుంది కాబట్టి అప్పుడే యంత్రం నిజంగా అవసరం.

తేమను కొలిచే చవక మీటర్లు పై అంకెల్లో తప్పు చూపిస్తుంటాయి, కాబట్టి కొన్నరోజే పరీక్ష చేసుకోవాలి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, అది ముద్దలా అయ్యేటంత నీళ్లు మాత్రమే కలిపి, మీటరుతోపాటు గాలి చొరబడని డబ్బాలో ఎనిమిది గంటలు ఉంచండి. లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటరు 70 చూపిస్తే, అది అయిదు తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకుని లెక్క వేసుకోవాలి.

తెల్లటి పొడి సంగతికి వస్తే, పెట్టె బయట వాషింగ్ మెషిన్ మీద పేరుకున్నది చాలావరకు మీ నీళ్లలోని సున్నమే. అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫయర్ నీటిని మరిగించదు. కంపనంతో సన్నని తుంపరగా చేసి ఊదుతుంది, ఆ తుంపర ఆరాక బోరు నీటిలోని లవణాలు పొడిగా మిగులుతాయి. పొడి మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి, సన్నని బుడగలు వస్తే అది సున్నమే. ఆర్‌ఓ నీళ్లు పోస్తే ఇది చాలావరకు ఆగిపోతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు లవణాలు లేనివే అయినా దుమ్ము, సూక్ష్మజీవులు కలిసి ఉంటాయి కాబట్టి, ఊపిరితో లోపలికి వెళ్లే తుంపరకు వాటిని వాడకండి. హ్యూమిడిఫయర్ నీటిని రోజూ మార్చి, వారానికొకసారి తొట్టిని వెనిగర్‌తో తోమి కడగండి.

అయితే పెట్టె లోపల తలల కింద కనిపించే మెత్తని తెల్ల పొడి వేరు, అది పుట్టగొడుగుల బీజరేణువు. మీ అత్తగారి ఆస్తమా గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే. ముత్యపుచిప్ప రకం లెక్కలేనన్ని బీజరేణువులను గాలిలోకి వదులుతుంది, పెంపక కేంద్రాల్లో రోజూ పనిచేసే వాళ్లకు వీటివల్ల ఊపిరితిత్తుల వాపు రావడం వైద్యులకు తెలిసిన సంగతే. ఆస్తమా ఉన్న మనిషి తిరిగే ఇంట్లో ఈ పెట్టె ఉండకూడదని నా అభిప్రాయం. మిద్దె మీద నీడగా ఉన్న గదో, మెట్ల కింద చోటో దొరికితే అక్కడికి మార్చండి. అది కుదరకపోతే ఈ కాపుతో ఆపేయండి. మార్చిన తరువాత కూడా తలల అంచులు కిందికి వంగి ఉండగానే, అవి చదునై పైకి లేవకముందే కోయండి. లోపల పనిచేసేటప్పుడు ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఈలోగా అత్తగారికి దగ్గు గానీ ఆయాసం గానీ పెరిగితే, ఇంట్లో ఈ పెట్టె ఉందన్న మాట డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ఆకుపచ్చ మచ్చలు ట్రైకోడెర్మా అనే మరో బూజువి. ఆ సంచిని విప్పకుండా, తడి గుడ్డ కప్పి, ఇంటి బయటికి తీసుకుపోండి. పెట్టెలో విప్పితే దాని పచ్చపొడి మిగతా మూడింటికీ అంటుతుంది. ఇది సాధారణంగా గడ్డి సరిగా ఉడకనందువల్ల గానీ, నీళ్లు ఎక్కువైనందువల్ల గానీ వస్తుంది. వానకు తడిసి నల్లబడని, బంగారు రంగు వరిగడ్డినే తీసుకోవాలి. మన చుట్టుపక్కల దొరికే రాగి గడ్డి కూడా పనికొస్తుంది. రెండంగుళాల ముక్కలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి, వెదురు తట్టలో వంచండి. చల్లారిన గడ్డిని పిడికిట్లో గట్టిగా పిండినప్పుడు వేళ్ల సందుల్లో తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. ధారగా కారితే ఇంకో గంట ఆరనివ్వండి. విత్తనం, అంటే ధాన్యపు గింజల మీద పెంచి అమ్మే పుట్టగొడుగు బూజు, ముప్పై రోజులకు మించి పాతది కాకుండా చూసుకోండి. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విత్తనం అమ్ముతుంది, పెంపకంలో శిక్షణ కూడా ఇస్తుంది. ఇవన్నీ కుదిరితే కిలో ఎండు గడ్డికి అర కిలో నుంచి ముప్పావు కిలో వరకు, రెండు మూడు కోతల్లో, పుట్టగొడుగులు వస్తాయి.

ప్రతి కాపు ముగిశాక పెట్టెను పూర్తిగా ఖాళీ చేసి, ఒక వంతు బ్లీచుకు పది వంతుల నీళ్లు కలిపి షీటు, అరలు తుడిచి, రెండు రోజులు ఆరబెట్టండి. ఆ రోజు వెనిగర్‌ను గానీ, బాత్రూం కడిగే యాసిడ్‌ను గానీ దగ్గరకు రానివ్వకండి, బ్లీచుతో కలిస్తే విషవాయువు పుడుతుంది. ప్లగ్గులు, అడాప్టర్లు అన్నీ పెట్టె బయట, ఎత్తులో ఉండాలి.

ప్రశ్న: ఒక గదికి ఏసీ పెట్టి ఏప్రిల్, మే నెలల్లో బటన్ పుట్టగొడుగులు పెంచవచ్చా?
— ఒక పాఠకుడు, యలహంక

జవాబు: వద్దని నా సలహా. బటన్ రకం కాపుకు 14 నుంచి 18 డిగ్రీల చలి నెలరోజులకు పైగా నిలకడగా ఉండాలి, పైగా ఏసీ చల్లదనంతోపాటు తేమను కూడా లాగేస్తుంది. అది గడ్డి మీద నేరుగా పెరగదు; దానికి మూడు నాలుగు వారాలు కుళ్లబెట్టి తయారుచేసిన కంపోస్టు కావాలి, ఆ అమ్మోనియా వాసనను ఏ అపార్టుమెంటులోనూ ఇరుగుపొరుగువారు భరించలేరు.

ఎండాకాలానికి మన దేశంలోనే పుట్టిన పాల పుట్టగొడుగు ఉంది. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి శాస్త్రజ్ఞులు దీన్ని మొదట వర్ణించారు. దీనికి 30 నుంచి 35 డిగ్రీల వేడి ఇష్టం, కాబట్టి మిద్దె శ్లాబు కింద కాగే పై అంతస్తు గది సరిపోతుంది. గడ్డి, విత్తనం ముందు చెప్పినట్టే. సంచి పూర్తిగా తెల్లబడ్డాక పై మూతి విప్పి, ఆవిరి పట్టించి చల్లార్చిన తోటమట్టి, ఇసుకల మిశ్రమంలో కాస్త సుద్దపొడి కలిపి అంగుళం మందాన పరవాలి. ఆ మట్టిని రోజూ చిలకరించి తడిగా ఉంచితే పది రోజుల్లో మొలకలు, మరో వారంలో కోత వస్తాయి. దీనికి కాపు దశలో వెలుతురు బాగా కావాలి, చీకటి గదిలో పెట్టకండి. బటన్ కంటే ఇది ఎక్కువ రోజులు చెడకుండా నిలుస్తుంది.

ప్రశ్న: కాపు అయిపోయిన సంచిలోని గడ్డిని పూలకుండీల్లో వేశాను. వాన పడిన మర్నాడు కుండీలో తెల్లని గొడుగులు వచ్చాయి. ఇవి ఆ విత్తనం నుంచి వచ్చినవే కదా, తినవచ్చా?
— ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: తినకండి. ఆ గడ్డి కుండీలకు మంచి ఎరువే, వేసి మంచి పని చేశారు. కానీ మట్టిలో ఎప్పటినుంచో ఉన్న వేరే రకాలు కూడా ఆ తడికి మొలుస్తాయి, వాటిలో తెల్లగా, ముద్దుగా కనిపించే విషపు రకాలు ఉన్నాయి. వండితే విషం పోతుందనీ, వెండి చెంచా నల్లబడకపోతే మంచిదేననీ పెద్దలు చెప్పే గుర్తులు నమ్మదగినవి కావు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే చేతికి కవరు తొడుక్కుని వాటిని పీకి పారేయండి.