టీరెగ్‌ల మీద పీహెచ్‌డీలో చేరిన మా అబ్బాయికి

ఒరేయ్ నాన్నా,

మీ గైడ్ లూపస్‌లో (శరీరం తనమీద తానే దాడి చేసుకునే ఆటోఇమ్యూన్ జబ్బు) టీరెగ్ కణాల (అలాంటి దాడిని ఆపే టీ కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు) మీద పని చెయ్యమన్నారని, ముందు ఏం చదవాలో చెప్పమని అడిగావు. 2025 వైద్య నోబెల్ ఈ కణాలకే వచ్చింది కదా, నీ మెసేజ్ నిండా ఆ ఉత్సాహమే ఉంది. సంతోషం. కానీ చదవడం మాత్రం నోబెల్ దగ్గర మొదలుపెట్టకు. ఈ రంగం ఒకసారి పూర్తిగా మునిగిపోయి మళ్ళీ తేలింది, ఎందుకు మునిగిందో తెలియకపోతే నువ్వూ అదే గుంటలో కాలు పెడతావు.

1970ల్లో వీటిని సప్రెసర్ టీ కణాలు అనేవాళ్ళు. గెర్షన్, కొండో అనే శాస్త్రవేత్తలు 1970లో మొదటి మాట చెప్పారు, ఆ తర్వాత దశాబ్దం పాటు ఒకటే హడావిడి. ఈ కణం ఆ కణానికి చెబుతుంది, అది ఇంకో కణాన్ని ఆపుతుంది అంటూ బాణం గుర్తులతో బొమ్మలు గీసేవాళ్ళు. ఆ కణాల్ని గుర్తుపట్టడానికి ఐ-జె అనే అణువు ఉందని అందరూ నమ్మారు. తీరా 1980ల మొదట్లో ఎలుక డీఎన్‌ఏలో అది ఉండాల్సిన చోట వెతికితే అక్కడ అలాంటి జన్యువే లేదు. అంతే, సప్రెసర్ అన్న మాటే సెమినార్లలో నవ్వులపాలైంది.

ఆ రోజుల్లోనే జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి ఈ పనిని వదలకుండా పట్టుకున్నాడు. ఆయన పేపర్లలో నువ్వు చూడాల్సింది ఆయన ప్రశ్న అడిగిన తీరు. అంతకు ముందు 1969లో నిషిజుకా, సకాకురా జపాన్‌లో ఒక ప్రయోగం చేశారు. ఎలుక పిల్లలు పుట్టిన మూడో రోజున థైమస్ (టీ కణాలు తయారయ్యే అవయవం) తీసేస్తే రోగనిరోధక శక్తి తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు, కానీ ఆడ ఎలుకల అండాశయాలు పాడైపోయాయి, అంటే శరీరం తనమీద తానే దాడి చేసుకుంది. సకగుచి అలాంటి ఎలుకలకే ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఎలుకల టీ కణాలు ఎక్కించాడు, జబ్బు రాలేదు. తర్వాత చాలా ఏళ్ళు ఆ టీ కణాల్లో సరిగ్గా ఏవి కాపాడుతున్నాయో వెతుక్కుంటూ పోయి, 1995లో సీడీ25 (కణం పైన ఉండే ఒక గుర్తు ప్రొటీన్) దగ్గర తేలాడు. సీడీ25 ఉన్నవాటిని తీసేసి మిగతా కణాల్ని థైమస్ లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే ఒకేసారి చాలా అవయవాల మీద దాడి మొదలైంది. తీసేసిన కణాల్ని త్వరగా తిరిగి ఇస్తే ఆగింది, ఎన్ని ఎక్కువ ఇస్తే అంత బాగా.

తీసేస్తే జబ్బు రావాలి, తిరిగి పెడితే ఆగాలి. పీహెచ్‌డీ అయిపోయేదాకా నీ ప్రతి ప్రయోగాన్నీ ఈ రెండు వైపుల నుంచీ అడుగు. మనుషుల్లో నేరుగా చెయ్యలేం కాబట్టి ప్రకృతి చేసిపెట్టిన ప్రయోగం వెతుక్కోవాలి. ఐపెక్స్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు అదే. దాని కథ ఎలుకల్లో మొదలైంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో 1940ల్లో కనబడిన స్కర్ఫీ అనే రకం ఎలుకల్లో మగపిల్లలు కొన్ని వారాలకే చనిపోయేవి. సకగుచితో పాటు నోబెల్ అందుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఎక్స్ క్రోమోజోమ్ మీద సుమారు 5 లక్షల అక్షరాల ముక్క దాకా వెతుకులాటని కుదించి, అందులోని 20 జన్యువుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే ఇరవయ్యోది దొరికింది. అదే ఫాక్స్‌పీ3. మగపిల్లల్లో వచ్చే ఐపెక్స్‌కి కూడా అదే జన్యువు కారణమని 2001లో తేలింది, 2003కల్లా టీరెగ్‌లకీ ఫాక్స్‌పీ3కీ లంకె కుదిరింది.

ఇక నీ పని. మనుషుల్లో సీడీ25 చూసి టీరెగ్ అనెయ్యకు. మామూలు టీ కణం ఉత్తేజితమైనా సీడీ25 పెరుగుతుంది, ఫాక్స్‌పీ3 కూడా కొంతసేపు వస్తుంది. లూపస్‌లో టీ కణాలు ఎప్పుడూ ఉత్తేజితంగానే ఉంటాయి, అంటే నీకు అవసరమైన చోటే గుర్తు మోసం చేస్తుంది. లూపస్‌లో టీరెగ్‌లు తగ్గాయని కొన్ని పేపర్లు, పెరిగాయని కొన్ని, మారలేదని కొన్ని కనబడతాయి. కంగారు పడకు, ముందు మెథడ్స్ తెరిచి గేటింగ్ (ఏ కణాల్ని టీరెగ్‌లుగా లెక్కపెట్టాలో గీసే హద్దు) ఎక్కడ పెట్టారో చూడు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. నువ్వు మాత్రం సీడీ25 ఎక్కువగా, సీడీ127 (ఇంకో గుర్తు ప్రొటీన్) తక్కువగా ఉన్నవాటిని సార్ట్ చెయ్యి, అంటే విడదియ్యి. ఫాక్స్‌పీ3 రంగు వెయ్యాలంటే కణాన్ని ఫిక్స్ చెయ్యాలి, అంటే అది చచ్చిపోతుంది కాబట్టి కొన్నిటిని దానికి పక్కన పెట్టి మిగతావి సప్రెషన్ ఎస్సేకి (టీరెగ్‌లు మామూలు టీ కణాల్ని ఎంత ఆపుతాయో చూసే పరీక్ష) వాడు.

టీఎస్‌డీఆర్ (ఫాక్స్‌పీ3 జన్యువులో ఒక ముక్క) మీద మిథైలేషన్, అంటే మిథైల్ గుర్తులు, చూస్తే అవి లేని నికరమైన టీరెగ్‌లు తేలతాయని ఎవరైనా చెబుతారు, నిజమే. కానీ ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, ఆడవాళ్ళలో ఒక ఎక్స్ మూతపడి మిథైల్ గుర్తులతోనే ఉంటుంది, కాబట్టి అసలు టీరెగ్‌లు కూడా సగమే గుర్తులు లేనట్టు చూపిస్తాయి. లూపస్ పేషెంట్లలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్ళే, ఇది లెక్కలో సరిచెయ్యకపోతే లేని లోపం కనిపెడతావు.

సప్రెషన్ ఎస్సే ఒక్కవైపు చేసి వదిలెయ్యకు. ఇంట్లో గోల ఆగకపోతే పెద్దాయన గొంతు తగ్గిందా, పిల్లలు మాట వినడం మానేశారా అన్నది వేరువేరు ప్రశ్నలు. పేషెంట్ టీరెగ్‌లని ఆరోగ్యవంతుల టీ కణాలతో, ఆరోగ్యవంతుల టీరెగ్‌లని పేషెంట్ టీ కణాలతో కలిపి చూస్తేనే లోపం ఎటువైపుందో తెలుస్తుంది. దీనికి కణాలు సరిపోవు, ముందే లెక్క వేసుకో. ఒక మి.లీ. రక్తానికి సుమారు 10 లక్షల పీబీఎంసీలు (లింఫోసైట్లు, మోనోసైట్ల లాంటి తెల్ల కణాలు) వస్తాయి, వాటిలో సగానికి కాస్త తక్కువ సీడీ4 రకం టీ కణాలు, అందులో 5 శాతం అటూఇటూ టీరెగ్‌లు. 20 మి.లీ. తీస్తే కాగితం మీద నాలుగు లక్షలు, సార్ట్ అయ్యాక ఇంకా తక్కువ. పైగా లూపస్‌లో లింఫోసైట్లే తగ్గి ఉంటాయి. ఎథిక్స్ కమిటీకి రాసేటప్పుడే రక్తం ఎంత కావాలో తేల్చుకో, తర్వాత పెంచమని అడగడం పెద్ద తలనొప్పి.

మందుల సంగతి మర్చిపోకు. రుమటాలజిస్టు దగ్గరికి వచ్చేసరికే మన దగ్గర చాలామంది ఊళ్ళో ఎక్కడో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు మింగి ఉంటారు, ఆ మాత్ర పేరు కూడా వాళ్ళకి తెలియదు. కేస్ షీట్‌ని నమ్ముకోకుండా ఓపీలో నువ్వే కూర్చుని అడుగు, మాత్రల పట్టీ తెమ్మను. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ ఒకే గ్రూపులో కలిపితే నీ గ్రాఫ్ జబ్బు గురించి చెబుతోందో మందు గురించి చెబుతోందో నీకే అర్థం కాదు. (మన చుట్టాలు మాత్రం నిన్ను ఇమ్యూనిటీ పెంచే పొడి చెప్పమంటారు. ఆటోఇమ్యూన్ జబ్బున్నవాళ్ళకి పెంచే పొడులేమిట్రా!)

ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేస్తుందని గట్టిగా రాయాలనిపించినప్పుడు 2006 మార్చిలో లండన్‌లో జరిగింది చదువు. టీజీఎన్1412 అనే యాంటీబాడీకి ఎలుకల్లో పనిచేసే జోడీ అక్కడ టీరెగ్‌లని చక్కగా పెంచింది, మనుషుల కోసం చేసిన టీజీఎన్1412ని ఎక్కించిన ఆరుగురు వాలంటీర్లూ గంటల్లోనే సైటోకైన్ తుఫానుతో (రోగనిరోధక రసాయనాలు ఒక్కసారిగా పొంగడం) ఐసీయూకి వెళ్ళారు. ఇప్పుడు తక్కువ డోసు ఐఎల్-2 (టీ కణాల్ని పెంచే ప్రొటీన్, దాన్ని పట్టుకునేది సీడీ25) మీద ఆశలున్నాయి, టీరెగ్‌ల మీద సీడీ25 నిండుగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి ఐఎల్-2 ముందు వాటికే అందుతుందన్నది లాజిక్. అది చదువు, కానీ రెండో ఏడాదిలో.

మొదటి కొన్ని నెలలు పేషెంట్ రక్తం ముట్టుకోకుండా ఆరోగ్యవంతుల రక్తంతోనే చెయ్యి. ఒకే మనిషి రక్తం రెండు వేరే రోజుల్లో చేసినా ఒకే శాతం వస్తోందంటే అప్పుడు ఓపీకి వెళ్ళు. మీ గైడ్ తొందరపెడితే ఈ అంకెలే చూపించు, పేషెంట్ల పని ఆలస్యమైనా గైడే ఒప్పుకుంటారు. ఎఫ్‌ఎంవో కంట్రోళ్ళు (ఒక్క రంగు వదిలేసి మిగతావన్నీ వేసిన నమూనాలు) పెట్టాక ఆ ప్లాట్లు నాకు పంపు, గేట్ ఎక్కడ గీశావో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ