అద్దాల గోడలు, గాల్లో బాల్కనీలు: పెద్ద ఇళ్లపై పాఠకుల ప్రశ్నలు

విలాసవంతమైన ఆధునిక ఇళ్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఎక్కువమంది ఏదో ఒక ప్రసిద్ధ ఇంటి ఫొటో జతచేసి, ఇలాగే కావాలని రాశారు. అందుకే రంగులు, సోఫాల జోలికి పోకుండా ఫొటోలో కనపడని బరువు, నీరు, ఎండల గురించే ఎక్కువ రాశాం.

ప్ర: శంకర్‌పల్లి దగ్గర ఇల్లు కడుతున్నాం. అమెరికాలో వాగు మీద కట్టిన ఇంటిలా, హాలు ముందు స్తంభాల్లేకుండా 15 అడుగులు బయటికొచ్చే బాల్కనీ కావాలని అడిగాం. ఇంజినీరు 8 అడుగులు దాటనంటున్నారు. ఆయన మరీ భయపడుతున్నారా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జ: మీ ఇంజినీరు మాట వినండి. మీరు పంపిన ఫొటో పెన్సిల్వేనియాలోని ఫాలింగ్‌వాటర్‌ది. ఎడ్గార్ కాఫ్‌మన్ అనే వ్యాపారి కోసం ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో డిజైన్ చేశారు. దాని ప్రధాన వసారా వాగు మీదికి దాదాపు 15 అడుగులు వస్తుంది, సరిగ్గా మీరడిగినంత. ఆ రోజుల్లోనే కాఫ్‌మన్ పెట్టుకున్న ఇంజినీర్లు రైట్ చెప్పిన ఇనుము చాలదని, రాడ్లు రెట్టింపు వేయించారు. రైట్‌కు చాలా కోపం వచ్చింది. అయినా సెంట్రింగ్ విప్పగానే వసారా కుంగింది. అక్కడితో ఆగలేదు, ఏళ్ల తరబడి కుంగుతూ చివరికి 7 అంగుళాల దాకా దిగింది. 2002లో హాల్లోని రాతి పలకలు లేపి, దూలాల పక్కన ఉక్కు కేబుళ్లు వేసి, బిగలాగి, పలకలు మళ్లీ పరిచారు. రెట్టింపు ఇనుము వేయకపోయుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఇక లెక్కకు వద్దాం. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం కాంటిలీవర్ (ఒక కొస మాత్రమే ఆనుకుని, రెండో కొస గాల్లో ఉండే దూలం) పొడవును 7తో భాగిస్తే దూలానికి కావలసిన లోతు స్థూలంగా తెలుస్తుంది. 15 అడుగులకు అది సుమారు 26 అంగుళాలు. ఫొటోలో మీకు నచ్చిన పల్చటి పలక అక్కడే పోతుంది. 8 అడుగులకైతే 14 అంగుళాల లోతు సరిపోతుంది, దాన్ని అంచువైపు సన్నం చేస్తూ పోతే దూరం నుంచి పల్చగానే కనిపిస్తుంది. బయటికొచ్చిన దూలం ఇంటి లోపలికి కనీసం ఒకటిన్నర రెట్లు కొనసాగాలి. హాలు మధ్యలో ఆగిపోతే దాన్ని పట్టి ఉంచేదేమీ ఉండదు.

పని జరిగేటప్పుడు మీరు స్వయంగా చూడాల్సినవి ఉన్నాయి. కాంటిలీవర్‌లో అసలు రాడ్లు పైభాగంలో ఉంటాయి. కాంక్రీటు పోసే కూలీలు వాటి మీద నడిస్తే అంగుళం, అంగుళంన్నర కిందికి దిగిపోతాయి. ఒక్క అంగుళం దిగినా 5 అంగుళాల స్లాబు బలంలో పెద్ద భాగం పోయినట్టే. రాడ్ల కింద, వాటిని ఎత్తి పట్టే ఇనుప చైర్లు దగ్గరదగ్గరగా పెట్టించండి, నడవడానికి చెక్క పలకలు వేయించండి. సపోర్టులు 28 రోజులు ఉంచి, విప్పేటప్పుడు బాల్కనీ కొస నుంచి మొదలుపెట్టి గోడవైపు రావాలి. గోడవైపు నుంచి విప్పితే కొస దగ్గర మిగిలిన సపోర్టులే బరువు మోస్తాయి, దూలం డిజైన్‌లో లేని చోట వంగి కింది వైపు పగులుతుంది. కొసన బరువైన పూలతొట్లు, స్లైడింగ్ తలుపులు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత చెబితే లెక్క మొదటికొస్తుంది.

ప్ర: మా హాలుకు పడమటి వైపు కొండ కనిపిస్తుంది. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అద్దం గోడ పెట్టాలనుంది. ఏసీ సరిపోతుందా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జ: సరిపోతుంది, ఎంత ఏసీ అన్నదే ప్రశ్న. వేసవి సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు 650 వాట్ల ఎండ పడుతుందనుకుందాం. మీ అద్దం 18.6 చదరపు మీటర్లు. మామూలు ఒంటి అద్దం అందులో 80 శాతం లోపలికి వదులుతుంది, అంటే 9.7 కిలోవాట్లు. ఆ ఒక్క గోడకే సుమారు 2.7 టన్నుల ఏసీ! ఎండవేడిలో 25 శాతమే లోపలికి వదిలే పూత ఉన్న రెండు పొరల అద్దమైతే టన్ను లోపే. అద్దం కొనేటప్పుడు రంగు చూసి కొనకండి, ‘ఎస్‌హెచ్‌జీసీ’ అనే అంకె అడగండి, ఎండవేడిలో ఎంత భాగం లోపలికొస్తుందో అది చెబుతుంది. అది 0.25 దగ్గర ఉండాలి.

పడమటికి సన్‌షేడ్ ఎంత పొడుగు వేసినా సాయంత్రపు ఎండ దాని కిందినుంచి దూరుతుంది. నిలువు పలకలో, బయట దించుకునే తెరలో కావాలి. లోపలి కర్టెన్ ఎండ కంట్లో పడకుండా ఆపుతుందిగానీ, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. మన అక్షాంశంలో మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా, కాస్త ఉత్తరానికి ఉంటాడు. దక్షిణపు అద్దం మీద అప్పుడు నేరుగా ఎండ దాదాపు పడదు. అందుకే పెద్ద అద్దాలకు ఉత్తరం, దక్షిణం మేలు. కొండ పడమటనే ఉంది కాబట్టి వెడల్పు 12 అడుగులకు తగ్గించండి, సోఫాలో కూర్చున్నవారికి అదే కొండ కనిపిస్తుంది.

అద్దాల ఇల్లు అనగానే అందరూ చెప్పే ఫార్న్స్‌వర్త్ హౌస్‌ను ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రోహ్ అమెరికాలోని ఇల్లినాయ్‌లో కట్టారు, 1951లో పూర్తయింది. చుట్టూ ఒంటి పొర అద్దం, తెరుచుకునేవి పడకవైపు రెండు చిన్న కిటికీలూ తలుపూ మాత్రమే. వేసవిలో లోపల ఉక్క, చలికాలంలో అద్దాల మీద చెమ్మ. పక్కనే నది. నేలకు 5 అడుగుల పైన కట్టినా 1954లో, 1996లో, 2008లో వరద నీరు లోపలికొచ్చింది. అదే మీస్ అంతకుముందు 1930కి చెక్ దేశంలోని బ్ర్నోలో పూర్తిచేసిన టూగెన్‌హాట్ ఇంట్లో పెద్ద అద్దాలు మోటారుతో నేలలోకి దిగిపోతాయి, గాలి ఆడుతుంది. ఏది కాపీ కొట్టాలో తెలిసిందిగా?

బరువు సంగతి కూడా రాసుకోండి. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరు అద్దం రెండున్నర కిలోలు. 8+8 మిల్లీమీటర్ల రెండు పొరలు, 10 అడుగులు ఎత్తు, 5 అడుగులు వెడల్పు ఉన్న ఒక్క పలక 185 కిలోల పైమాటే. పై దూలం కొన్ని మిల్లీమీటర్లు కుంగినా తలుపు పట్టేస్తుంది. కాబట్టి పైపట్టాలో ఆ కుంగుడుకు సందు వదలమని ఫ్యాబ్రికేటర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. నేలకు సమంగా ఉండే కింది పట్టాకు బయటివైపు నీటి కాలువ తప్పనిసరి, లేకపోతే తుపాను రాత్రి హాలు చెరువవుతుంది.

ప్ర: పెద్ద ఇల్లే, పెద్ద గీజరే. అయినా పై బాత్రూంలో వేడినీళ్లు రావడానికి రెండు నిమిషాలు. ఎందుకు? (ఒక పాఠకుడు, గుంటూరు)

జ: గీజర్ తప్పు లేదు, పైపు పొడవుది తప్పు. అంగుళం పైపు 80 అడుగులుంటే అందులో 10 లీటర్ల చల్లనీళ్లు నిలిచి ఉంటాయి. కొళాయి నిమిషానికి 6 లీటర్లిస్తే అవి ఖాళీ కావడానికే నిమిషంన్నర దాటుతుంది. గోడలు పూడ్చకముందైతే చివరి కొళాయి నుంచి గీజర్‌కు అరంగుళం తిరుగు పైపు, చిన్న పంపు, నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టి, పైపులకు తొడుగు వేయించాలి. పంపును రోజంతా నడపక్కర్లేదు, బాత్రూంలో స్విచ్ చాలు. ఇల్లు పూర్తయిపోయి ఉంటే ఆ బాత్రూంకు విడిగా చిన్న గీజర్ పెట్టుకోవడమే చవక.

ప్ర: రెండో అంతస్తు టెర్రస్ మీద అంచు కనపడని స్విమ్మింగ్‌పూల్ పెట్టిస్తున్నాం. 40 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. ఏం జాగ్రత్తలు? (ఒక పాఠకుడు, బెంగళూరు)

జ: ముందు బరువు. 4 అడుగుల లోతు నీళ్లంటే చదరపు మీటరుకు 1,200 కిలోలు. ఇంటి స్లాబును మనుషులు, సామాన్ల కోసం 200 కిలోలకే లెక్కిస్తారు. మొత్తం 57 టన్నుల పైగా నీళ్లు, తొట్టి బరువు అదనం. వేసేసిన స్లాబు మీద ‘చూద్దాం లెండి’ అని ఎవరైనా అంటే ఆ పూటే కాంట్రాక్టరును మార్చండి.

రెండోది అంచు మట్టం. అంచు మీంచి 6 మిల్లీమీటర్ల పొర పారాలంటే 40 అడుగుల పొడవుకు గంటకు 35,000 లీటర్ల పంపు కావాలి. పొర 3 మిల్లీమీటర్లు చాలనుకుంటే మూడో వంతు పంపు సరిపోతుంది. అయితే అంచులో ఒక మూల 5 మిల్లీమీటర్లు ఎత్తయినా అటువైపు పొడిగా ఉండి, మిగతా చోటే నీళ్లు జారతాయి. అంచు మట్టం ఇటు అటు 2 మిల్లీమీటర్లు మించకూడదు. నీళ్ల గొట్టంతో చూసే మట్టం దీనికి చాలదు, లేజర్ కావాలి, అదీ టైల్స్ వేశాక మళ్లీ చూడాలి.

మూడోది, ఎక్కువమంది పొరపాటు చేసేది: కింది బ్యాలెన్స్ ట్యాంకు, అంటే అంచు మీంచి జారిన నీళ్లను పట్టి మళ్లీ పంపుకు ఇచ్చే తొట్టి. పంపు నడిచేటప్పుడు కొలనులో లేచే పొరే 300 లీటర్లు. ఎనిమిదిమంది దిగితే ఇంకో 600 లీటర్లు పొంగుతాయి. ఫిల్టర్ కడగడానికి మరికొన్ని. మీ కొలనుకు 4,000 లీటర్లకు తగ్గనివ్వకండి. చిన్నదైతే అందరూ దిగినప్పుడు పొంగి వృథా, అందరూ ఎక్కగానే పంపు గాలి పీలుస్తుంది.

టైల్స్‌కు ముందు వారం రోజులు నింపి ఉంచి, కిందిగది సీలింగ్‌ను రోజూ చూడండి. తడి కనిపిస్తే అప్పుడే బాగుచేయాలి, టైల్స్ పడ్డాక కారే చోటు దొరకదు.

ప్ర: టెక్సాస్‌లో కొత్త ఇల్లు. పోపు పొగ పోవాలని 1,200 సీఎఫ్‌ఎం చిమ్నీ (నిమిషానికి 1,200 ఘనపుటడుగుల గాలి తోసేది) పెట్టించాం. అది వేస్తే వీధి తలుపు లాగినా రావడం లేదు, గ్యారేజీ వాసన ఇంట్లోకొస్తోంది. (ఒక పాఠకురాలు, ఫ్రిస్కో)

జ: మీ ఇల్లు గాలి చొరకుండా బిగువుగా కట్టారు. బయటికి తోసిన గాలికి బదులు గాలి వచ్చే దారి లేదు, అందుకే ఎక్కడ సందుంటే అక్కణ్నుంచి లాగుతోంది. గ్యాస్ వాటర్ హీటర్ ఇంట్లో ఉంటే దాని పొగ కూడా వెనక్కి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి అలారం ఇవాళే పెట్టండి. అక్కడి నివాస గృహాల కోడ్ 400 సీఎఫ్‌ఎం దాటిన చిమ్నీకి బదులు గాలి ఏర్పాటు ప్రస్తావిస్తుంది, మీ ఊళ్లో ఏ ఏడాది కోడ్ అమల్లో ఉందో సిటీ ఆఫీసులో కనుక్కోండి. చిమ్నీ స్విచ్‌తోపాటు తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదిలే మోటారు డాంపర్ (గాలి గొట్టం మూత) వేయించాలి. మా మాట అడిగితే పోపుకు 1,200 అక్కర్లేదు. పొయ్యికన్నా రెండు పక్కలా 3 అంగుళాలు వెడల్పున్న హుడ్, వంకలు తక్కువున్న 8 అంగుళాల గొట్టం, 600 సీఎఫ్‌ఎం చాలు. వెడల్పు చాలని హుడ్ కింద ఎంత పెద్ద మోటారు పెట్టినా పొగ పక్కలనుంచి తప్పించుకుంటుంది.

ప్ర: లండన్‌లో ధనవంతులు ఇంటికింద రెండు మూడంతస్తులు తవ్వుకుంటారట. నిజమేనా? (ఒక విద్యార్థి, తిరుపతి)

జ: నిజమే, వాటిని మంచుకొండ ఇళ్లంటారు. ముఖభాగం మార్చనివ్వరు, ఎత్తు పెంచనివ్వరు, ఇక మిగిలింది కిందికే. పాత గోడ కింద ఒకేసారి తవ్వితే ఇల్లు కూలుతుంది గనుక మీటరు వెడల్పు ముక్కలుగా, పక్కపక్కవి కాకుండా ఒకటి విడిచి ఒకటి తవ్వి కాంక్రీటు నింపుతారు. గోడలోంచి ఊరే నీటిని బుడిపెల ప్లాస్టిక్ పొర వెనకనుంచి సంపులోకి దింపి తోడుతారు. పంపులు రెండు, వాటికి బ్యాటరీ. కరెంటు పోయిన వాన రాత్రి ఒక్క పంపుంటే కింద కట్టుకున్న సినిమా హాలు మునిగినట్టే. పొరుగువారి గోల భరించలేక లండన్ లోని కెన్సింగ్టన్ అండ్ చెల్సీ బరో (స్థానిక పాలనా విభాగం) 2015లో కొత్త నేలమాళిగలను సాధారణంగా ఒక్క అంతస్తుకు, తోటలో సగానికి పరిమితం చేసింది.

ప్ర: 33 × 26 అడుగుల హాలు, 20 అడుగుల ఎత్తు. మాట గుడిలోలా మోగుతోంది. టీవీ మాటలు అర్థం కావు. (ఒక పాఠకుడు, విజయవాడ)

జ: గ్రానైట్, అద్దం, పెయింటు గోడ, ఏదీ శబ్దాన్ని పీల్చదు. ఘనపరిమాణం సుమారు 480 ఘనపు మీటర్లు. అందులో శబ్దం పీల్చే సామర్థ్యం 19 చదరపు మీటర్లకు సమానమనుకుంటే, 0.16 × 480 ÷ 19, అంటే మోత 4 సెకన్లు నిలుస్తుంది. హాల్లో మాటకు ఒక సెకను హాయి. దానికి 77 కావాలి. కుచ్చులున్న మందపు కర్టెన్లు, తివాచీ, బట్ట సోఫాలు కలిపి ఒక 25 ఇస్తాయి. మిగతాది సీలింగ్ నుంచి తేవాలి. చిల్లుల జిప్సం బోర్డు, వెనక రెండంగుళాల రాక్‌వూల్, 500 చదరపు అడుగుల మేర. ఇది మీ సీలింగ్‌లో సగానికి పైన. గోడకు రెండు పెయింటింగులు తగిలిస్తే తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్ర: అత్తగారు చక్రాల కుర్చీలో ఉంటారు. మూడంతస్తుల ఇంట్లో లిఫ్టు ఎక్కడ పెట్టాలి? (ఒక పాఠకురాలు, వరంగల్)

జ: 1998లో ఆర్కిటెక్టు రెమ్ కూల్‌హాస్ ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర కట్టిన ఇల్లు చూడండి. ఇంటి యజమాని ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆర్కిటెక్టు లిఫ్టును మూలకు తోయకుండా, 3 × 3.5 మీటర్ల గదినే లిఫ్టుగా చేసి ఇంటి మధ్యలో పెట్టారు. అది ఏ అంతస్తులో ఆగితే ఆ అంతస్తుకు నేలలో భాగమవుతుంది, పక్కనే పైదాకా పుస్తకాల గోడ. మీకు అంత అవసరం లేదు, ఆలోచన మాత్రం తీసుకోండి: లిఫ్టు హాల్లోకి తెరుచుకోవాలి, పార్కింగ్ వెనక సందులోకి కాదు. లోపలి కొలత 1100 × 1400 మిల్లీమీటర్లు, తలుపు 900 మిల్లీమీటర్లు, ముందు 5 అడుగుల ఖాళీ. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు తెచ్చి తలుపు తీసే బ్యాటరీ పరికరం ధరలో కలిసి ఉందో లేదో అడగండి, చాలా కొటేషన్లలో అది విడిగా ఉంటుంది. కింద గుంత లోపలికి వాననీరు రాకుండా వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే కంపెనీ వాళ్లను పిలవండి.