కారవాన్ కొనాలా? ముందు రాత్రికి ఎంత పడుతుందో చూడండి

ప్రశ్న: మాది విజయనగరం. హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను. నాకు 64 ఏళ్లు, మా ఆవిడకు 62. పెన్షన్ 52 వేలు వస్తుంది. రిటైర్మెంట్ డబ్బు 34 లక్షలు బ్యాంకులో ఉంది. కారు వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇల్లు, అదే కారవాన్, ఒకటి 12 లక్షలకు చూశాం. సగం చేతి డబ్బు పెట్టి, మిగతా 6 లక్షలకు 14 శాతం వడ్డీతో 5 ఏళ్ల లోన్ తీసుకుందామని ఉంది. మా కారు బరువు 1,250 కిలోలు. ఏడాదిలో 40 రాత్రులైనా తిరగాలని కోరిక. పిల్లలు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు లోన్ సంగతి తేల్చేద్దాం. ఈఎంఐ నెలకు 13,961 రూపాయలు పడుతుంది. మొత్తం కట్టేది 8,37,660. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో 20 లక్షలు వేస్తే 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 41,000 చేతికొస్తుంది, అంటే నెలకు 13,667. ఈ లోన్ తీసుకుంటే 20 లక్షల మీద వచ్చే వడ్డీ అంతా ఈఎంఐకి పోయి, ఇంకా మూడొందలు మీరే కలపాలి. కొంటే సొంత డబ్బుతోనే కొనండి.

సొంత డబ్బు పెట్టినా ఖర్చు ఖర్చే. 12 లక్షల బండి అయిదేళ్ల తర్వాత 6 లక్షలకు అమ్ముడైందనుకుందాం. మన దగ్గర పాత కారవాన్ కొనేవాళ్లు తక్కువ కాబట్టి ఇది కాస్త ఆశగా వేసిన అంకే. ఏడాదికి లక్షా 20 వేలు అలా తరిగిపోతాయి. ఆ 12 లక్షల మీద అదే 8.2 శాతం చొప్పున పోయే వడ్డీ 98,400. ఇన్సూరెన్స్‌కు 15 వేలు. టైర్లు, బ్రేకులు, బేరింగులకు 15 వేలు. బ్యాటరీలు, నీళ్లు దిగకుండా అతుకులకు పూసే సీలెంట్‌కు 12 వేలు. అదనపు డీజిలుకు 18 వేలు వేశాను. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు కారవాన్ లాగుతూ 9కి పడిపోతే, 4,000 కిలోమీటర్లకు 180 లీటర్ల దాకా ఎక్కువ తాగుతుంది. అంతా కలిపితే ఏడాదికి 2,78,400. నలభై రాత్రులకు పంచితే రాత్రికి 6,960 రూపాయలు. రెండు వేల లాడ్జి గదితో సరితూగాలంటే ఏడాదికి 139 రాత్రులు అందులో పడుకోవాలి.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ కారు. బ్రోచరులో రాసేది ఖాళీ బరువు. మీరు చూసింది 880 కిలోలనుకోండి. ట్యాంకులో 80 లీటర్ల నీళ్లు పోస్తే 80 కిలోలు. ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు 110. టన్ను ఏసీ 40, అయిదు కిలోల గ్యాస్ బండ 12, గుడారపు పరదా, కుర్చీలు 30. పరుపులు, బట్టలు, బియ్యం, వంట సామాను 120. మొత్తం 1,272 కిలోలు. లాగే కారు కన్నా లాగబడేదే బరువు! కారవాన్ల వాడకం ఎక్కువగా ఉన్న బ్రిటన్‌లో కొత్తవాళ్లకు చెప్పే లెక్క ఒకటుంది: సామానుతో కలిపి కారవాన్ బరువు, కారు బరువులో 85 శాతం దాటకూడదు. మీ కారుకు అది 1,062 కిలోలు. ఈ కారవాన్‌కు కనీసం 1,500 కిలోల కారు కావాలి. అంటే 12 లక్షల కొనుగోలు వెనక ఇంకో పెద్ద కారు ఖర్చు నక్కి ఉంది. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర ఆలోచించి లాభం లేదు.

కారు మాన్యువల్‌లో ట్రైలర్ లాగడం గురించి ఏం రాశారో ఈ రోజే తీసి చూడండి. మన దేశంలో అమ్మే చాలా కార్ల మాన్యువల్‌లో లాగవద్దనే ఉంటుంది. అయినా లాగితే క్లచ్, గేర్‌బాక్స్ పోయినప్పుడు వారంటీ అడగలేరు. అనుమతి లేకుండా కారుకు హుక్కు వెల్డింగ్ చేయించడంలాంటి మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గర ఆ వెల్డింగ్ హుక్కే అడ్డొస్తుంది.

బరువు ఎంతుందన్నది ఒకటైతే, ఎక్కడుందన్నది ఇంకొకటి. ఏటా పైడితల్లి జాతరలో పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను చూసే ఊరివారికి తూకం గురించి నేను చెప్పక్కర్లేదు. సామాను ఇరుసుకు వెనక ఎక్కువైతే కారవాన్ ముందు భాగం పైకి లేచి కారు వెనక చక్రాల మీద పట్టు తగ్గిపోతుంది. పక్కనుంచి లారీ దూసుకెళ్లినప్పుడు కారవాన్ తోక ఊపడం మొదలెడుతుంది. అప్పుడు సడన్ బ్రేకు వేయకూడదు, స్టీరింగుతో సరిచేయబోకూడదు; యాక్సిలరేటరు మీద కాలు తీసి స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. హుక్కు మీద పడే భారం మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, ఈ కారవాన్‌కు 64 నుంచి 89 కిలోలు. మొత్తం బరువు వేబ్రిడ్జి మీద తెలుస్తుంది. హుక్కు భారానికి ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ చాలు. చదునైన నేల మీద కారవాన్ చక్రాలకు అడ్డం పెట్టి, మెషిన్ మీద కర్రముక్క నిలబెట్టి, దాని మీద కారవాన్ ముక్కు ఆనించండి. కారుకు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ముక్కు ఉండాలి, లేకపోతే అంకె తప్పుతుంది.

కాగితాల దగ్గర ఒక్కటే గట్టిగా చెప్తాను: వెల్డింగ్ షెడ్డులో చవకగా చేయించింది కొనకండి. ట్రైలర్‌కు విడిగా ఆర్సీ, నంబరు ప్లేటు కావాలి. డీలరు దగ్గర ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్), ఫారం 22 (రోడ్డెక్కడానికి తగినదన్న తయారీదారు సర్టిఫికెట్) చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. పాతది కొంటే పేరు మార్పిడికి ఫారం 29, 30. వేరే రాష్ట్రానిదైతే ఎన్ఓసీ కూడా. పాతదానిలో కిటికీల కింద, మూలల్లో బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగిందంటే లోపల ప్లైవుడ్ నాని కుళ్లుతోందని. పైన కొత్త పెయింటు వేసినా ముక్కిపోయిన వాసన దాగదు.

బీమా తీసుకుంటే మన బండి నష్టానికి కూడా డబ్బిచ్చే ప్యాకేజీ పాలసీనే తీసుకోండి, థర్డ్ పార్టీ పాలసీలో గాలివాన నష్టం రాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలే నేలకొరిగాయి. తుపాను హెచ్చరిక వస్తే చెట్ల కింద నుంచి తీసి, నీళ్ల ట్యాంకు నింపి, నాలుగు మూలలా తాళ్లతో కట్టాలి.

ఏసీ మీద ఆశలు పెట్టుకోకండి. మీ రెండు బ్యాటరీల్లో పాడవకుండా వాడుకోగలిగేది సగమే, దాదాపు 1.8 యూనిట్లు. టన్ను ఏసీ రెండు గంటలు కూడా గట్టిగా నడవదు. కోస్తాలో మే నెల ఉక్కకు అది దేనికొస్తుంది? రాత్రంతా కావాలంటే ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 యాంపుల సాకెట్ దగ్గరే ఆగాలి, లోపల 30 మిల్లీయాంపుల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి.

ఇప్పుడు మీ 34 లక్షలు. 20 లక్షలు సీనియర్ సిటిజన్స్ స్కీములో మీ ఇద్దరి పేర్ల మీద సగం సగం వేయండి. 5 లక్షలు వైద్యానికి విడిగా ఉంచండి. ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉన్నా ఒడిశా రోడ్డు మీద ముందు చేతి డబ్బే పెట్టాల్సి రావచ్చు. మిగిలిన 9 లక్షలు ఏడాది ఎఫ్‌డీలో. కారవాన్ కోసమని పక్కన పెట్టే డబ్బును మాత్రం ఆ స్కీములో వేయకండి. ఏడాదిలోపు తీస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసుకుంటారు. రెండేళ్లలోపైతే డిపాజిట్‌లో 1.5 శాతం, ఆ తర్వాతైతే 1 శాతం కోస్తారు.

ఈ ఏడాది కొనకండి. ఇంజిన్‌తోనే ఉండే క్యాంపర్ వ్యాన్‌ను రెండుసార్లు, నాలుగేసి రోజులు అద్దెకు తీసుకోండి. ఒకసారి వానల్లో, ఒకసారి ఎండల్లో. ఘాట్ రోడ్డు కూడా చూడాలంటే ఎస్.కోట మీదుగా అరకు వెళ్లండి. ఆ మలుపుల్లో వెనక ఇంకో టన్ను బరువు తోస్తుంటే బ్రేకుల గతేమిటో మీకే అర్థమవుతుంది. టాయిలెట్ ట్యాంకు ఇంకెవరికీ అప్పజెప్పకుండా మీరే ఖాళీ చేయండి. తిరిగొచ్చాక మీ ఆవిడగారిని అడిగి, ఏడాదికి ఎన్ని రాత్రులో మళ్లీ రాయండి. ఆ 40 కాస్తా 15 అయితే, రాత్రికి 18,560 పడుతుంది.