గుండె తీగల పక్కన ఫోన్ చార్జరా?

ప్రశ్న: మా నాన్నగారికి బైపాస్ చేశారు. ఛాతీ కింది నుంచి నాలుగు సన్నని తీగలు బయటికొచ్చి చిన్న పేస్‌మేకర్ పెట్టెకు కలిశాయి. పక్క బెడ్ ఆయనకు రెండే ఉన్నాయి. ఏది మంచి రకం? ఆ పెట్టె పక్కన ఫోన్ పెట్టొచ్చా?

జవాబు: ఐసీయూ బయట కూర్చున్నవాళ్లంతా నాకు ఇదే రాస్తున్నారు. తీగల్ని లెక్కపెట్టి రకం చెప్పలేం. గుండె పై గదికి, కింది గదికి విడివిడిగా వేస్తే సంఖ్య పెరుగుతుంది. కింది గదికి మాత్రమే వేస్తే తగ్గుతుంది. అసలు తేడా వేరే. యూనిపోలార్‌లో ఒక కొస గుండె మీద, రెండోది చర్మంలో ఉంటాయి. బైపోలార్‌లో రెండూ గుండె మీదే, పక్కపక్కనే. దూరం తక్కువ కాబట్టి బైపోలార్‌కు బయటి కరెంటు గోల తక్కువగా వినిపిస్తుంది. ఆ గోలనే గుండె చప్పుడనుకుంటే పెట్టె 'కొట్టుకుంటోందిగా' అని ఊరుకుంటుంది, గుండెను కొట్టించడానికి అవసరమైన కరెంటు పల్స్ ఇవ్వదు. నన్నడిగితే బైపోలార్‌కే నా ఓటు. కానీ ఎంపిక సర్జన్‌ది.

ఇక ఫోన్. దాన్ని పెట్టె మీద పెట్టకండి, కాస్త దూరంగా ఉంచండి, చాలు. నాకు టెన్షన్ ఫోన్‌తో కాదు, దాని చార్జర్‌తో. చార్జింగ్‌లో ఉన్న ఫోన్ మెటల్ అంచు తాకితే వేళ్లకు సన్నగా జివ్వుమంటుంది చూడండి, అది లీకేజీ కరెంటు. ఇలాంటి చార్జర్లకు 250 మైక్రోఆంపియర్ల దాకా అనుమతి ఉంది. చర్మం అడ్డుంటుంది కనుక మనకేం కాదు. గుండె తీగకు ఆ అడ్డు లేదు. నేరుగా గుండెకు తగిలే వైద్య పరికరాలకు మామూలు స్థితిలో పరిమితి 10 మాత్రమే. వాడని తీగ కొసలకు నర్సులు తొడుగు వేసేది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోనిది ఇందుకే. ఒక చేత్తో చార్జింగ్‌లో ఉన్న ఫోన్, ఇంకో చేత్తో ఆ తీగ సర్దడం... తలచుకుంటేనే నాకు చెమటలు పడతాయి.

1957 అక్టోబర్‌లో అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో కరెంటు పోయింది. అప్పట్లో అక్కడి ఆసుపత్రిలో పేస్‌మేకర్లు గోడ ప్లగ్గు మీదే నడిచేవి. అది చూసి సర్జన్ లిల్లెహై అడిగితే, ఎర్ల్ బ్యాకెన్ అనే ఇంజినీరు కొన్ని వారాల్లోనే బ్యాటరీ పెట్టె చేసిచ్చాడు. గోడకున్న తీగను పేషెంటు నుంచి ఇంత కష్టపడి విడదీస్తే, మనం ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో మళ్లీ మంచం మీదికే తెస్తున్నాం! తప్పు పేషెంటు వెంట ఉండేవాళ్లది మాత్రమే కాదు. బెడ్ పక్కన తప్ప ఎక్కడా సాకెట్ పెట్టని వార్డు డిజైన్‌ది కూడా. వంద రూపాయల చార్జర్‌లో ఇన్సులేషన్ ఎంతుందో దేవుడికే తెలియాలి.

ఈ తీగల్ని సాధారణంగా డిశ్చార్జికి ముందే మెల్లగా లాగి తీసేస్తారు. అందాకా ఫోన్ కారిడార్‌లో చార్జ్ చేసుకోండి. కొసలకు తొడుగు ఊడినట్టు కనిపిస్తే మీరు సర్దొద్దు, నర్సును పిలవండి.